వారంటీలోని ట్రాక్టరునకు మరమ్మతు బిల్లు

ముంగారు పదునైన మరుదినమున మన సీమ రైతునకు ఊపిరి తిరుగు తీరిక యుండదు. పూర్వపు అనంతపురము జిల్లాలో ఏడాది సగటు వర్షము 550 మిల్లీమీటర్లకు కొంచెము అటు నిటు. అందులో విత్తుటకు పనికివచ్చు వానలు ఒకటియో రెండో. 2022 ఏప్రిల్ 4వ తేదీన నల్లచెరువు మండలము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, జిల్లా మారినంతమాత్రమున వాన మారలేదు. ఎఱ్ఱనేల తడి యారకమునుపే వేరుశనగ గింజ భూమిలో పడవలయును. అట్టి దినములలో ట్రాక్టరు చేనిలో నుండక పట్టణపు షెడ్డులో నిలిచి, దాని యజమాని బిల్లు చేతబట్టుకొని "ఇది వారంటీలో ఉన్న బండి గదా" యని వాదించుచుండుటకంటె కష్టమేమున్నది? ఈ తగవును నోటిమాటతో గాక కాగితముతో నెట్లు నడపవలయునో సభ్యుల కెఱిగింపదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నల్లచెరువు మండలములోని యొక రైతు అప్పుచేసి క్రొత్త ట్రాక్టరు కొన్నాడనుకొందము. వారంటీ పుస్తకములో రెండేండ్లు లేక 2,000 గంటలు, ఏది ముందైన నది, యని వ్రాసియున్నది. పదునాలుగవ నెలలో, గంటల మీటరు 700 చూపుచుండగా, ఇంజిను నీలిపొగ విడువసాగినది, చమురు త్రాగుచున్నది, గుంటకకు సైతము బలము చాలకున్నది. షోరూములో విప్పి చూచిన మెకానిక్కు, "అన్నా, దుమ్ములో తోలినావు, గాలి ఫిల్టరు కడగలేదు. దుమ్ము ఇంజినును తినేసింది. దీనికి వారంటీ రాదు" అనెను. బిల్లు 37,000 రూపాయలు. అందు పిస్టనులు, రింగులు, లైనర్లు మున్నగు భాగములకు 27,400, కూలి 6,500, చమురునకును ఫిల్టర్లకును 3,100. సొమ్ము చెల్లించినగాని బండి గడప దాటదు. ఈ లెక్క మేము ఉదాహరణకై కట్టినదే యైనను, ఇంజిను పేరు మార్చి పంపుసెట్టని చదువుకొన్నను, కారని చదువుకొన్నను తగవు ఇదే.

మొదట వారంటీ యననేమో తెలియవలయును. అది తయారుచేసిన కంపెనీ వ్రాసి యిచ్చిన పూచీ. అమ్మిన డీలరు ఆ పూచీని కంపెనీ తరఫున నెరవేర్చును; భాగముల ఖర్చును కంపెనీనుండి రాబట్టుకొనును. కనుక డీలరు "రాదు" అన్నంతమాత్రమున కంపెనీ "రాదు" అన్నట్లు కాదు. ఈ వ్రాతపూచీ గాక చట్టము కల్పించిన పూచీ మరియొకటి కలదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 16వ సెక్షను ననుసరించి, కొనువాడు తన పని యేదో అమ్మువానికి తెలిపి, వాని నేర్పును నమ్మి కొన్నయెడల, సరకు ఆ పనికి తగినదై యుండవలయుననుట ఒప్పందములో వ్రాయకున్నను వ్రాసినట్లే. వ్రాసి యిచ్చిన పూచీ దీనికి విరుద్ధమైననే తప్ప దీనిని తొలగింపజాలదు. ఆ చట్టము పుట్టిననాడు మన పల్లెలలో దుక్కి యంతయు ఎద్దులదే. నేడు ఎఱ్ఱనేల దుక్కికని చెప్పి కొన్న ట్రాక్టరు ఎఱ్ఱదుమ్మునకు ఓర్వలేదనినచో, దుమ్ము తప్పా, ట్రాక్టరు తప్పా యని అడుగుటకు ఆ పాతచట్టమే మనకు ఆధారము.

అయితే బిల్లులోని ప్రతి పైసయు కంపెనీదే యని పట్టుబట్టుట న్యాయము కాదు. వారంటీ పుస్తకములలో మినహాయింపులు సామాన్యముగా నొకేతీరున నుండును. చమురు, ఫిల్టర్లు, బ్రేకు లైనింగు, క్లచ్చి ప్లేటు, రబ్బరు గొట్టములు, బల్బులు మున్నగు నరుగు వస్తువులు పూచీలో చేరవు. టైర్లకును, బ్యాటరీకిని వాటిని చేసిన కంపెనీలే వేరుగా పూచీ వహించుట వాడుక. పలు కంపెనీలు డీజిలు పంపును గూడ ఇట్లే వేరుచేయును. ప్రమాదము, అతిభారము, బయటి మెకానిక్కుచేత విప్పించుట, నియమిత సర్వీసులు చేయింపకుండుట యను కారణములచే పూచీ పోవునని యుండును. మన ఉదాహరణలో చమురు, ఫిల్టర్ల 3,100 రూపాయలు రైతే భరింపవలసినదని మా యభిప్రాయము. తగవు మిగిలిన 33,900 రూపాయలకు. ఇట్లు వేరుచేసి చెప్పిన రైతు మాటకు బలము హెచ్చును. అంతయు నడిగినవాడు అబద్ధమాడుచున్నాడని ఎదుటివారు చూపుటకు ఆ 3,100 చాలును.

ఇక దుమ్ము సంగతి. మెకానిక్కు మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. మన సీమలో ట్రాక్టరు గాలిని పీల్చుచున్నదో మట్టిని పీల్చుచున్నదో తెలియని దినములు కలవు. నూనెగిన్నె గల గాలి ఫిల్టరును ప్రతిదినము చూచి, నూనె చిక్కబడినచో మార్చవలయునని పుస్తకములే చెప్పుచున్నవి. ఆ పని చేయనివానికి ఇంజిను చెడుట సహజము. కాని దుమ్ము నిజముగా గాలిత్రోవన పోయినచో దాని జాడ లుండును. ఫిల్టరునకును ఇంజినునకును నడుమ నున్న గొట్టములో తెల్లగుడ్డ పెట్టి తుడిచిన మట్టి యంటును. గాలితో వచ్చిన దుమ్ము పైరింగును అన్నిటికన్న హెచ్చుగా నరగదీయును. చమురులోని మలినము క్రింది చమురు రింగులను అరగదీయును. గొట్టము లోపల శుభ్రముగా నుండి, పైరింగు మిగిలినవానికంటె హెచ్చుగా నరగనిచో దుమ్మునెపము నిలుచుట కష్టము. గొట్టములో మట్టియున్నను ఆ మట్టి మురికి ఫిల్టరునుండి వచ్చినదా, బిగువు తప్పిన క్లిప్పు సందునుండి వచ్చినదా యను ప్రశ్న మిగులును. క్లిప్పు విప్పి బిగించినవారు సర్వీసు చేసిన షోరూమువారే యైనచో ఆ తప్పు రైతుది కాదు. ఈ పరీక్ష బండి విప్పుచున్న గడియలోనే జరుగవలయును. కడిగి తుడిచి బిగించిన పిమ్మట బ్రహ్మకైనను తెలియదు.

కావున బండి షెడ్డునకు చేరినవెంటనే చేయదగిన పను లున్నవి. జాబ్ కార్డుపై ఫిర్యాదును రైతు చెప్పిన మాటలలోనే వ్రాయించి, తేదీయు గంటల మీటరు అంకెయు వేయించి, నకలు తీసికొనవలయును. "యజమాని ఖర్చుమీద" అను మాట ముందే అచ్చువేసియున్న చోట సంతకము చేయరాదు. చేయక తప్పనిచో "వారంటీ తేలువఱకు" అని ప్రక్కన వ్రాయవలయును. ఇంజినును తన యెదుటనే విప్పుమని కోరి, గొట్టము, గాలి ఫిల్టరు, రింగులు, లైనర్లు, మీటరు వీటికి ఫోనులో ఫొటోలు తీసికొనవలయును. పని మొదలిడకమునుపే అంచనా వ్రాయించుకొనవలయును. వారంటీ లేదన్నచో ఏ షరతు ప్రకారము లేదో వ్రాసి యిమ్మని అడుగవలయును. నోటితో "దుమ్ము" అని సులభముగా ననినవారే కాగితముమీద సంతకముతో వ్రాయుమనినపుడు కంపెనీ ఇంజినీరుకు ఫోను చేయుట కద్దు. వాడుకలో తప్పున్నదని చెప్పువారే ఆ తప్పును చూపవలెనని మా వాదము. చూపుటకు వారిని కాగితమునొద్దకు రప్పింపవలయును.

అన్నింటికన్న ముఖ్యమైనది పాతభాగము. వారంటీ క్రింద మార్చిన భాగమును డీలరు కంపెనీకి పంపుటయో, కంపెనీవారు చూచువఱకు దాచియుంచుటయో వాడుక. రైతుచేత సొమ్ము కట్టించుకొన్నపుడు మాత్రము ఆ పాతభాగము రైతుదే. బిల్లు నాదైనచో పాత పిస్టనులును నావే యని ఆయన నిస్సంకోచముగా నడుగవచ్చును. "పాతవి కంపెనీకి పంపవలెను" అని యెవరైన జవాబిచ్చినచో, సొమ్ము రైతునొద్ద తీసికొన్న భాగము కంపెనీకి ఏల పోవుచున్నదని మరల నడుగవలయును. ఆ ప్రశ్నతోనే కొన్ని బిల్లులు కరగిపోవును. పాత రింగులను, లైనర్లను కడుగక, నూనె గుడ్డలో చుట్టి, తేదీ వ్రాసి, గోతములో కట్టి అటుకమీద నుంచవలయును. రేపు ఇంజినీరెవరైన పరీక్షింపవలసినచో ఆ గోతమే సాక్షి.

ఈ సాక్ష్యము విలువ తెలియుటకు మన రాష్ట్రపు కేసొకటి చెప్పుదుము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రైతులు పలువురు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనములు కొని విత్తి, పంట సరిగా రాక, జిల్లా వినియోగదారుల ఫోరములకు వెళ్లిరి. తీర్పులు రైతులకే అనుకూలమయ్యెను. కార్పొరేషను సుప్రీముకోర్టుదాక వెళ్లి, రైతులు వినియోగదారులే కారనియు, విత్తనములను ప్రయోగశాలలో పరీక్షింపలేదనియు వాదించెను. 2012 జనవరి 16వ తేదీన కోర్టు ఆ వాదములను త్రోసివేసినది. రైతు తాను కొన్న విత్తనము చెడ్డదై యుండునని ముందే యూహించి కొంత పరీక్షకై దాచియుంచవలెననుట తగదని కోర్టు భావించెను. పెక్కు కేసులలో ఫోరములు వ్యవసాయ నిపుణులను పంపి చేలను చూపించెను గనుక ఆ నివేదికలు సరిపోయెను. విత్తిన గింజ తిరిగి రాదు. రైతుపై కోర్టు దయ చూపుటకు అది న్యాయమైన కారణము. ఇనుప పిస్టను అట్టిది కాదు. అది షెడ్డులోనే యున్నది, చేతితో తీసికొని రాదగినది. దానిని పాతయినుము వానికి వదలి వచ్చినవాడు విత్తనపు రైతుకు దక్కిన సానుభూతిని ఆశింపజాలడు.

సొమ్ము కట్టుట యెట్లు? కొందఱు బండిని బలిమితో తోలుకొనివత్తు మందురు. అది కూడదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, తన శ్రమను నేర్పును వెచ్చించి వస్తువును బాగుచేసినవాడు తనకు రావలసిన ప్రతిఫలము ముట్టువఱకు ఆ వస్తువును ఆపియుంచుకొనవచ్చును. రావలసినది యెంత యనునదే తగవు, నిజమే. కాని ఆ తగవు తేలులోపల పదును పోవును. 33,900 రూపాయలకై పంటకాలము పోగొట్టుకొనుట లెక్కకు రాదు. కనుక అభ్యంతరము తెలిపి చెల్లించుటయే మేలైన త్రోవ. బిల్లు రెండు ప్రతులమీదను ఇట్లు వ్రాయవలయును:

"ఈ మరమ్మతు వారంటీలోనిది. విత్తుకాలము దాటిపోవునను కారణమున, నా హక్కును వదలుకొనక, అభ్యంతరముతో ఈ సొమ్ము చెల్లించుచున్నాను."

వారు వ్రాయనీయకున్న, ఆ మాటలనే ఆ దినమే షోరూము ఫోనునకు సందేశముగా పంపవలయును. రొక్కముగా గాక బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో చెల్లించిన జాడ మిగులును. బిల్లు ఇయ్యకుండుటయే 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపారపద్ధతి. తెల్లకాగితపు చీటీతో తృప్తిపడి వచ్చుట తగదు.

విత్తనము వేసిన వారములోనే ఉత్తరము వ్రాయవలయును. డీలరుకు ఒకటి, కంపెనీకి ఒకటి. రెండింటిలోను ఒకే మాట. 2025లో రిజిస్టరు తపాలా స్పీడుపోస్టులో విలీనమైనది గనుక, ఇప్పుడు స్పీడుపోస్టున పంపి అందిన రుజువును దాచుకొనవలయును. మచ్చునకు:

"నేను ఫలానా తేదీన మీ ట్రాక్టరు కొంటిని. చాసిస్, ఇంజిను నంబర్లు ఇవి. నియమిత సర్వీసులన్నియు మీ షోరూములోనే జరిగినవి; తేదీలు ఇవి. ఫలానా తేదీన, 700 గంటలవద్ద ఇంజిను చెడినది. వారంటీ అమలులో నుండగా 37,000 రూపాయల బిల్లు వేసితిరి. ఇందు చమురు, ఫిల్టర్ల 3,100 నేను భరించెదను. మిగిలిన 33,900 రూపాయలు 15 దినములలో వాపసు చేయగోరుచున్నాను. వాపసు చేయరేని, వారంటీ లేదనుటకు గల కారణమును, పరీక్షించిన నివేదికతోగూడ వ్రాసి తెలుపుడు. పాతభాగములు నాయొద్ద భద్రముగా నున్నవి; మీ ఇంజినీరు వచ్చి చూడవచ్చును."

కోపపు మాటలు ఇందు వలదు. ఈ ఉత్తరమును రేపు కమిషనులో చదువువారు రైతును ఎఱుగరు, ఉత్తరమునే ఎఱుగుదురు. జవాబు రానిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ ఫోనునకు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. వారు కంపెనీకి ఫిర్యాదు పంపుదురు. కొన్ని తగవులు అచ్చటనే తీరును. అది తీర్పు మాత్రము కాదు.

అచ్చటను తీరనియెడల జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 చట్టము 2020 జూలై 20వ తేదీన అమలులోనికి వచ్చిన పిదప, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ కచేరి మద్రాసులోనున్నను, పూనాలోనున్నను మన మచ్చటికి పోనక్కరలేదు. చెల్లించిన వెల 50 లక్షలవఱకు జిల్లా కమిషనుదే అధికారము. వెల 5 లక్షలలోపైన రుసుము లేదు; 5 లక్షలు దాటి 10 లక్షలవఱకు 200 రూపాయలు. వకీలు ఉండితీరవలెనను నియమము లేదు. ఇంటర్నెట్టు ద్వారా ఫిర్యాదు పెట్టవచ్చును. దృశ్యశ్రవణ పద్ధతిలో హాజరగుటకును కోరవచ్చును. తగవునకు కారణము పుట్టిన దినమునుండి రెండేండ్లలోపల ఫిర్యాదు పడవలయును. "చూతము, కంపెనీవారు వచ్చెదమన్నారు" అని కూర్చున్నవారికి ఈ రెండేండ్లు తెలియకుండ గడచిపోవును. మూడు నెలలలో, పరీక్ష కావలసినచో ఐదు నెలలలో తీర్పు చెప్పవలెనని చట్టమున్నది. అంతకు మించి కాలము పట్టుట కలదని తెలిసియే దిగవలయును.

కమిషనులో మొదటి అడ్డుమాట ఒకటి వచ్చును: "ఇతడు ట్రాక్టరును అద్దెకు తిప్పుచున్నాడు, ఇది వ్యాపారము, ఇతడు వినియోగదారుడు కాడు" అని. స్వయముపాధితో జీవనమునకై కొని వాడుకొన్నది వ్యాపారప్రయోజనము కాదని చట్టమే చెప్పుచున్నది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీముకోర్టు ఆటోరిక్షాను తానే నడుపుకొని బ్రతుకువానిని ఉదాహరణముగా జెప్పి, ఒకరిద్దఱ సాయము తీసికొన్నను అట్టివాడు వినియోగదారుడే యనెను. తన చేను దున్నుకొని, తీరికవేళ పొరుగువాని చేను దున్ని యిచ్చు రైతు ఈ సంగతిని ఫిర్యాదులో మొదటి పుటలోనే, జీవనాధారమను మాటతో, దాచక వ్రాయవలయును. నాలుగు ట్రాక్టర్లు పెట్టి డ్రైవర్లచేత నడిపించువారికి ఈ త్రోవ ఇరుకు.

ఏమి కోరవలయును? కోపములో "క్రొత్త ట్రాక్టరు ఇప్పించుడు" అని వ్రాయువారున్నారు. 2006లో మారుతీ ఉద్యోగ్ కంపెనీ కారు కేసులో, వారంటీ ఇచ్చిన మాట చెడినభాగమును బాగుచేయుటకో మార్చుటకో గాని బండినే మార్చుటకు కాదని సుప్రీముకోర్టు చెప్పి, కారు మార్చవలెనన్న క్రింది ఉత్తర్వును నిలుపలేదు. కనుక మన రైతు 33,900 రూపాయల వాపసును, బండి ఆగిన దినములలో అద్దె ట్రాక్టరుకు పెట్టిన ఖర్చును, కేసు ఖర్చులను కోరుట తగినది. అద్దె ట్రాక్టరువానియొద్ద గంటల లెక్కతో సంతకపు చీటీ తీసికొన్ననే ఆ పద్దు నిలుచును. మనలో మనము చీటీ యేల యని సిగ్గుపడుటచే ఈ పద్దు తఱచు పోవుచున్నది. తప్పు తయారీలో నున్నదా వాడుకలో నున్నదా యని తేలనప్పుడు నిష్పక్షపాతియైన నిపుణునిచే చూపించుమని కోరవలయును. 2010లో ఫియట్ కారు ఇంజిను చప్పుడు కేసులో సుప్రీముకోర్టు ఇట్లే స్వతంత్ర నిపుణుని పరీక్ష కుత్తరువిచ్చెను. పరీక్షతోగాని లోపము తేలనిచోట తగిన ప్రయోగశాలకు పంపు అధికారము చట్టము 38వ సెక్షనులో కమిషనునకు కలదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ యున్నది. అట్టి ప్రభుత్వ సంస్థచే పాతభాగములను చూపించుమని కమిషనును ప్రార్థింపవచ్చును. అటుకమీది గోతము పని ఇప్పుడు పడును.

ఇంకొక హెచ్చరిక. ట్రాక్టరు చెడినదను కోపమున అప్పు కంతులు నిలుపరాదు. అప్పిచ్చిన బ్యాంకుగాని ఫైనాన్సుగాని ఇంజినునకు పూచీదారు కాదు. కంతు తప్పినచో వడ్డీ పెరుగును, బండి జప్తున కొచ్చును. అప్పుడు పరీక్షించుటకు ట్రాక్టరే మనవద్ద నుండదు. కంతు రసీదులను గూడ వారంటీ పుస్తకము, సర్వీసు చీటీలు, జాబ్ కార్డు నకలు, అభ్యంతరము వ్రాసిన బిల్లు, స్పీడుపోస్టు రుజువులతో కలిపి ఒకే సంచిలో నుంచి, వాటి నకళ్లను ఫిర్యాదునకు జతపరచవలయును. అసలు కాగితములను కమిషనువారు చూపుమన్నప్పుడు తప్ప ఎవ్వరికిని, డీలరు మనిషి "ఒకసారి చూచి యిచ్చెద" నన్నను, చేతికీయరాదు.